జగడం అని పేరు పెట్టిన బావి

ఏప్రిల్ 22, మంగళవారం

గౌతమీ, నీ మోకాలు ఎలా ఉంది. విడపనకల్లు డాక్టరు ఇచ్చిన మాత్రలు వేసుకుంటున్నావా బిడ్డా. కుట్టుమిషను ముందు కూర్చుంటే నీకు ఒళ్ళు గుర్తుండదు. జోయల్, నీ కడుపులో మంట తగ్గిందా, బస్టాండులో బజ్జీలు తినడం మానేశావా. వనజాక్షీ, నీ దగ్గు. అడిగితే "బాగుండా అత్తా" అంటావు, ఆ మాట పూర్తయ్యేలోపే దగ్గుతావు. నాగేశ్వర అయ్యగారూ, మీ చక్కెర జబ్బు. మారెక్కా, సబ్బునీళ్ళకు పగిలిన నీ వేళ్ళు. బావీ, నీకెలా ఉంది. ఆదివారం నీళ్ళు దిగి పదకొండు మెట్లు బయటపడి ఉన్నాయి. ఈరోజు ఇంకా చూడలేదు.

నోటితో అడిగితే "గమ్మునుండమ్మా" అంటారు. పుస్తకంలో అడిగితే ఎవరూ కసురుకోరు. మా ఆయన కదిరప్ప చనిపోయిన ఈ నాలుగేళ్ళ నుంచి ఇదే అలవాటు. రోజూ ముందు అందరినీ అడిగి, తర్వాతే నా సంగతి.

నా సంగతి ఈరోజు బాగాలేదు. చేతులు వణుకుతున్నాయి. భయంతో వచ్చే వణుకు నాకు తెలుసు, అరవై ఆరేళ్ళుగా దానితోనే ఉన్నాను. ఇది అది కాదు. ఇది కోపం.

పొద్దున, ఊళ్ళో పెద్ద భూములున్న తిమ్మప్ప కొడుకు రాఘవేంద్ర వచ్చాడు. ఆ ఇంటివాళ్ళు మా కాలనీలోకి వచ్చేది ఓట్లప్పుడే. మంచం మీద కూర్చోమంటే కూర్చున్నాడు కూడా. వాళ్ళ నాయన బతికి ఉండగా మా మంచం మీద ఆ ఇంటి మనిషి ఎవరూ కూర్చోలేదు. వాళ్ళ బీడు భూమి సోలారు కంపెనీకి ఇచ్చారంట. పెద్ద లారీలు పోవడానికి దారి కావాలంట. ఆ దారి మా చేని మధ్యలో, మా బావి మీదుగా పోతుంది.

"బావి పూడ్చల్ల అవ్వా," అన్నాడు, టీ బాగుంది అన్నంత తేలిగ్గా. "ఊరికే వద్దులే. మీ ప్రార్థన మందిరానికి స్లాబు ఏపిస్తా. మన జోయల్‌కు ఆడ సెక్యూరిటీ పని. కాలనీకి కొళాయి. ఇంగేం కావల్ల?"

"కొళాయిలోకి నీళ్ళు యాడనుంచి వస్తాయప్పా?"

"బోరు ఏపిస్తాం."

"యాడ?"

జేబులో చెయ్యి పెట్టాడు. కాగితం తీశాడు. పట్టా నా పేరు మీద ఉంది. అప్పట్లో ప్రభుత్వం కాలనీకి భూములు ఆడవాళ్ళ పేర్ల మీదే ఇచ్చింది, మా ఐదెకరాలూ అట్లా వచ్చినవే. నా సంతకం లేకపోతే పని జరగదు. జరిగేదైతే ఆ మంచం మీద కూర్చునేవాడా.

జోయల్ పరుగున పోయి పెన్ను తెచ్చాడు. నా కొడుకు, తనే తెచ్చి నా వేళ్ళ మధ్య పెట్టాడు. కళ్ళజోడు కనబడలేదు నాయనా, తర్వాత చూద్దాం అన్నాను.

కళ్ళజోడు నా కొంగు ముడిలోనే ఉంది.

ఏప్రిల్ 23, బుధవారం

పన్నెండు మెట్లు.

ఏప్రిల్ 25, శుక్రవారం

కోపం తగ్గలేదు. తగ్గుతుందేమోనని నిన్న రోజంతా చింతపండు గింజలు తీస్తూ కూర్చున్నాను. గింజలు అయిపోయాయి.

మా బావి పేరు రహెబోతు. కాలనీ పిల్లలు రోబో బావి అంటారు. పేరు పెట్టింది మా ఆయన, బైబిల్లోంచి తీసి. ఇస్సాకు కరువు కాలంలో పరాయి దేశంలో బావి తవ్వితే అక్కడి కాపరులు వచ్చి, ఈ నీళ్ళు మావి అన్నారు. ఆ బావికి ఏశెకు అని పేరు పెట్టాడు. ఏశెకు అంటే జగడం. ఇంకొకటి తవ్వాడు. దానికీ వచ్చారు. దానికి శిత్నా అని పెట్టాడు, అంటే విరోధం. అక్కడి నుంచి కదిలి మూడోది తవ్వాడు. దానికి ఎవరూ రాలేదు. రహెబోతు అన్నాడు. ఎడం అని అర్థం. మనిషి కాలు చాపుకోవడానికి చోటు.

మా ఆయన కూడా మూడు బావులు తవ్వాడు. తవ్వాడు అని అందరూ అంటారు. మన్ను మోసింది నేను. మొదటి బావి నాటికి జోయల్‌కు ఎనిమిది నెలలు. నిలువుగా పాతిన రెండు రాతి కడీల మధ్య చీర కట్టి వాణ్ణి అందులో వేసి, ఊపమని గౌతమికి చెప్పి, నేను దిగేదాన్ని. ఆయన గడ్డపారతో పొడిచేవాడు. నేను తట్టకెత్తి నెత్తిన పెట్టుకొని మెట్లెక్కేదాన్ని. పాలు కారి రవిక తడిసేది, దానికి మన్నంటుకొని అట్టకట్టేది. ముప్పై రెండు అడుగులు. నీళ్ళు పడిన రోజు ఆయన దోసిలిలో బురదనీళ్ళు పట్టి నా ముఖాన చల్లాడు. అంత సంతోషం ఆయనకు మళ్ళీ ఎప్పుడూ చూడలేదు.

పదకొండో రోజు తిమ్మప్ప తన మనుషులతో వచ్చాడు. మా చేని కింద నుంచి ఊరిన నీళ్ళివి, మావి అన్నాడు. సరిగ్గా ఆ కాపరులు అన్న మాటే. గిలక పీకి బావిలో వేశారు. మా ఆయన గడ్డపార పట్టుకొని నిలబడ్డాడు. నిలబడి నిలబడి, గడ్డపార భుజాన వేసుకొని ఇంటికి వచ్చేశాడు. నన్ను అడగలేదు.

రెండో బావినీ అట్లే లాక్కున్నారు, దాని నీళ్ళ మీద ఇప్పుడు వాళ్ళ చీనీ తోట ఉంది, అన్నీ బత్తాయి చెట్లు. మూడోది ఎవరికీ అక్కర్లేని రాతి మూలలో తవ్వాం. ఎంత కరువులోనూ అది ఎండలేదు. కాలనీ మొత్తం దాన్నే తాగుతుంది.

అప్పట్లో నీళ్ళు పడితే బావి ఒడ్డున పేరుబండ నాటేవాళ్ళు. నల్ల బండ మీద బావి పేరు, సంవత్సరం చెక్కించి. మా ఆయన చేజారిన మొదటి బావికి ఏశెకు అని పేరు పెట్టి, అది చేజారిన తర్వాత బండ చెక్కించాడు. పైసలు దండగ, పోయినదానికి పేరేమిటని తిట్టాను. ఎవరూ చూడని వేళ బండి మీద తీసుకుపోయి ఆ బావి మీద నాటి వచ్చాడంట. నేను చూడడానికి కూడా పోలేదు. చూసినా నాకు అప్పుడు చదువు రాదు. కాలనీలో సాయంత్రం బడి పెట్టింది ఆ తర్వాత రెండేళ్ళకు. నాకు చదువు వచ్చేసరికి అక్కడ బండ లేదు. బావి కూడా పూడ్చేసి ఉంది.

ఆయన సమాధి మీద సమాధానపరుడు అని రాయించారు. అందరూ పోయి ఆ మాట చదివి తల ఊపుతారు. నాకు తెలిసింది ఒకటే. ఇంటికి వచ్చేశాడు. నన్ను అడగలేదు.

ఏప్రిల్ 27, ఆదివారం

ఈస్టరు తర్వాతి ఆదివారం మా పాస్టరు నాగేశ్వర అయ్యగారు ఏటా, తిరిగి లేచిన యేసు ఎమ్మాయు దారిలో కనబడిన కథ చెబుతారు. ఈరోజు ఎమ్మాయు పోకుండా నేరుగా ఇస్సాకు బావుల దగ్గరికి పోయారు. ఎందుకో నాకు తెలియదనుకున్నారు.

ముందు ఊళ్ళ పేర్లకు అర్థాలు చెప్పారు. బేతేలు అంటే దేవుని ఇల్లు. బేత్లెహేము అంటే రొట్టెల ఇల్లు. మారా అంటే చేదు. పిల్లలతో చెప్పించారు. పిల్లలు మారా అని అరిచారు. తర్వాత మూడు బావుల పేర్లు పలికించారు. ఇస్సాకు నోరు మెదపలేదన్నారు. ఒకటి పోతే ఇంకొకటి తవ్వుకున్నాడు, కోపం పెట్టుకోలేదు, అందుకే దేవుడు ఎడం ఇచ్చాడన్నారు. "మన కదిరప్ప అన్న అట్లాంటి మనిషి. ఆ ఇంటి త్యాగం మన మందిరానికి స్లాబై వస్తాండాది," అన్నారు. అందరూ ఆమెన్ అన్నారు. జోయల్ అందరికంటే గట్టిగా.

ఆరాధన అయిపోయాక చెప్పులు వేసుకుంటున్న అయ్యగారి ముందుకు పోయి నిలబడ్డాను.

"వందనాలు అయ్యగారూ. నాలుగో బావి యాడ తవ్వల్ల?"

"అంటే ఏందమ్మా?"

"ఒకటి పాయ. రెండోది పాయ. మూడోది మీరు ఇయ్యమంటాండారు. నాలుగోది యాడ తవ్వల్లో చెప్పండి. మందిరం లోపలైతే స్లాబు ఎయ్యకముందే తవ్వల్ల."

వెనక ఎవరో నవ్వారు. మారెక్క నవ్వు నాకు తెలుసు.

అయ్యగారి ముఖం చిన్నబోయింది. "ఈ వయసులో ఇంత కోపం మంచిది కాదమ్మా. ఆరోగ్యం చూసుకోవల్ల."

"మీ చక్కెర మీరు చూసుకోండి. నా కోపం నేను చూసుకుంటా."

ఇంటికి వచ్చి రెండు గంటలు బాధపడ్డాను. అన్న మాటకు కాదు. ఆయనకు చక్కెర పెరిగి కళ్ళు తిరిగి పడిపోతే ఏమిటని. మారెక్కను పంపి కనుక్కున్నాను. బిర్యానీ తిని పడుకున్నారంట.

ఏప్రిల్ 28, సోమవారం

జోయల్ నాతో మాట్లాడలేదు. అన్నం తినలేదు. నేనూ తినలేదు. వనజాక్షి రెండు కంచాల మీదా మూతలు పెట్టి, "తల్లీకొడుకులు ఇద్దురూ పస్తులుండండి, సాయంత్రానికి ఎవురో ఒకరు పరలోకం పోతారు" అని తను తినేసింది. పద్నాలుగు మెట్లు.

ఏప్రిల్ 30, బుధవారం

ఈరోజు నేనే చదివాను. ఇస్సాకు అధ్యాయం మొత్తం. వేలు పెట్టుకొని చదవడానికి పొద్దున మొదలుపెడితే మధ్యాహ్నం అయింది. మధ్యలో గ్యాసు ఆపానా లేదా అని నాలుగుసార్లు లేచి చూశాను.

అయ్యగారు చెప్పనివి రెండు ఉన్నాయి. ముప్పై ఏళ్ళుగా ఏ అయ్యగారూ చెప్పలేదు.

మొదటిది, ఆ మూడు బావులకంటే ముందే ఉంది. ఇస్సాకు నాయన అబ్రాహాము తవ్వించిన బావులను ఆ దేశం వాళ్ళు మన్ను పోసి పూడ్చేశారు. నీళ్ళు తాగడానికి కాదు, ఊరికే పూడ్చేశారు. ఇస్సాకు పోయి వాటిని మళ్ళీ తవ్వించాడు. తవ్వించి, వాళ్ళ నాయన ఏ పేర్లు పెట్టాడో ఆ పేర్లే మళ్ళీ పెట్టాడు. కొత్తవి పెట్టలేదు. మన్ను పోస్తే పేరు కూడా పోతుందని వాళ్ళు అనుకున్నారు, పోలేదు.

రెండోది చివర్లో ఉంది. ఆ దేశపు రాజు తన స్నేహితుణ్ణీ సేనాపతినీ వెంటబెట్టుకొని ఇస్సాకు దగ్గరికి ఒప్పందం చేసుకుందామని వస్తాడు. మా ఇంటికి రాఘవేంద్ర కాగితం పట్టుకొని వచ్చినట్టు. ఇస్సాకు ఏమంటాడు. రండి కూర్చోండి అనడు ముందు. మీరు నన్ను ద్వేషించి మీ దగ్గర నుంచి వెళ్ళగొట్టారే, మళ్ళీ ఎందుకు వచ్చారు అని మొహం మీద అడుగుతాడు. భోజనం పెట్టింది ఆ తర్వాత.

నోరు మెదపలేదంట.

నాకు ఇంకొకటి కూడా అర్థమైంది. నోరు మెదపనివాడు, కోపం పెట్టుకోనివాడు, పోయిన బావికి జగడం అని ఎందుకు పేరు పెడతాడు. పోతే పోయిందని వదిలేసేవాడు. పేరు పెట్టాడంటే వదల్లేదు. నీళ్ళు మీరు తాగండి, తాగే ప్రతిసారీ జగడం అని పలికి తాగండి అన్నాడు. బిందె పట్టుకొని పోయే ఆడది యాడికి పోతాండావంటే, జగడం దగ్గరికి అని చెప్పాలి. వాళ్ళ పిల్లలు, వాళ్ళ మనవలు కూడా అదే చెప్పాలి. ఎన్ని వేల ఏళ్ళయిందో, మొన్న ఆదివారం మా పిల్లలు కూడా చెప్పారు. ఆ కాపరుల పేర్లు ఎవరికీ తెలియవు. వాళ్ళు చేసిన పని మాత్రం బావికి పేరై ఉంది.

ఇస్సాకు కొడుకు యాకోబు కూడా తల కింద పెట్టుకొని పడుకున్న రాయిని లేపి నిలబెట్టి బేతేలు అన్నాడు. ఆ పుస్తకంలో ఊళ్ళకు పేర్లు ముచ్చటకు పెట్టలేదు. ఒకరికి అక్కడ ఏదో జరిగింది, జరిగినదాన్ని నేలకు అంటించి పోయారు.

ఇంత తెలిసిన మా ఆయన మాత్రం ఇంటికి వచ్చేశాడు. నన్ను అడగలేదు.

మే 2, శుక్రవారం

గౌతమి ఫోను చేసింది. జోయల్ దానికి అంతా చెప్పాడంట, నేను మొండికేశానని.

"నువ్వు సంతకం చెయ్యాకు లే," అంది. "నేను తమ్మునికి చెప్తా. కానీ నాయన్ని అనాకమ్మా. పోయినోన్ని రోజూ తిడతాండావంట."

"అనకుండా ఏం చెయ్యల్ల. నన్ను ఒక్క మాట అడిగినాడా ఆ పొద్దు?"

దాని కుట్టుమిషను చప్పుడు ఆగింది. ఫోను తెగిపోయిందేమో అనుకున్నాను.

"నిన్ను అడగలేదా?"

"లేదు."

"అమ్మా, నేను ఆడే ఉంటిని. తమ్ముని ఊయల పట్టుకోని ఉంటిని. నాయన అనంతపురం పోతా, కలెక్టరు ఆఫీసు ముందర కుచ్చుంటా అన్నాడు. నిన్ను అడిగినాడు. ఏమంటావే అని అడిగినాడు. నువ్వు కాళ్ళు పట్టుకొంటివి. వాళ్ళు నిన్ను సంపుతారు, ఈ బిడ్డల్ని యాడ పెట్టుకోని బతకల్ల, వదిలెయ్యి అంటివి. గడ్డపార నువ్వే గుంజుకొంటివి."

నేను ఫోను పెట్టేశాను.

దానికప్పుడు ఎనిమిదేళ్ళు. ఎనిమిదేళ్ళ పిల్లకు ఏం గుర్తుంటుంది.

దాని మోకాలు ఎలా ఉందో అడగలేదు.

మే 3, శనివారం

ఆ పొద్దు ఆయన పాదాలకు మన్ను ఉంది. ఎర్ర మన్ను, తడిది. నా చేతులకు అంటింది.

మే 4, ఆదివారం

ఆరాధనకు పోలేదు. తలనొప్పి అని చెప్పాను. తలనొప్పి లేదు.

జోయల్ మందిరం నుంచి వచ్చి, రాఘవేంద్ర వచ్చే వారానికల్లా తేల్చమన్నాడని గోడకు చెప్పినట్టు చెప్పాడు. నేను గోడలాగే విన్నాను. పదిహేడు మెట్లు.

మే 6, మంగళవారం

మారెక్క తిమ్మప్ప ఇంట్లో బట్టలుతుకుతుంది, పెళ్ళయి వచ్చిన నాటి నుంచి. సాయంత్రం వచ్చి గడప మీద కూర్చొని కాళ్ళు పిసుక్కుంటూ ఏడుపు మొదలుపెట్టింది.

"నా బండ తీసేస్తారంట చౌడక్కా. సోలారోళ్ళు వచ్చి కుచ్చునేకి పెరట్లో షెడ్డు ఏస్తారంట. వాషింగ్ మిషను కొన్నారంట."

"నీ బండేంది, వాళ్ళ బండే కదా."

"ముప్పై ఏండ్లు దాని మీద కొట్టింది నేను. అది వాళ్ళదెట్లయితాది?"

నవ్వు వచ్చింది. ఇన్ని రోజుల్లో మొదటిసారి నవ్వాను.

"నల్ల బండ," అంది. "అట్లాంటిది ఇప్పుడు దొరకదు. పైన నున్నగుంటాది, కిందే గీతలు. సబ్బు సందులో పడితే చెయ్యి పెట్టి తీస్తాంటా కదా, ఏళ్ళకు తగుల్తాయి. రాసినట్లుంటాయి. నాకు చదువు రాదు, ఎవుర్ని అడుగుదును."

నా నవ్వు ఆగిపోయింది.

నల్ల బండ ఎంత పొడవు అని అడిగాను. చేతులు చాపి చూపించింది. మనిషి నడుము ఎత్తు.

 గౌతమికి చెప్పాలా. చెప్తే జోయల్‌కు చెబుతుంది. జోయల్ రాఘవేంద్రకు చెబుతాడు. నా కొడుకు గురించి ఇలా రాస్తున్నాను.

మే 8, గురువారం

ఈరోజు పోయాను. రాఘవేంద్ర పుట్టపర్తిలో ఏదో మీటింగుకు పోయాడని మారెక్క చెప్పింది. పెరటి వాకిలి నుంచే పోయాను, మాకు అలవాటైన దారి.

తిమ్మప్ప పెళ్ళాం బయమ్మ గోడ నీడలో కుర్చీ వేసుకొని కూర్చుని ఉంది. కళ్ళకు ఆపరేషను అయి నల్లద్దాలు పెట్టుకుంది. కొళాయి పక్కన ఆ బండ తడిగా ఉంది.

"ఎవురది?"

"చౌడమ్మను. కదిరప్ప పెండ్లాన్ని."

"కుచ్చో."

"కుచ్చోను. ఈ బండ యాడిదమ్మా?"

ఆమె చేతిలో వక్కలు కత్తిరించే అడకత్తెర ఉంది. ఆపింది.

"ఎవురు చెప్పినారు?"

"ఎవురు చెప్తే ఏం. చెప్పు."

అడకత్తెర ఒడిలో పెట్టుకుంది. "నీ మొగుడు బావి మీద నాటిపోయినాడు. దావన పోయేటోళ్ళంతా నిలబడి చదువుతాండ్రి. మా ఆయప్పకు తల తీసేసినట్లాయ. పగలగొట్టమని కూలోళ్ళకు చెప్పినాడు. బైబిలు పేరుండాది, దేవుని పేరున్న బండ మీద సుత్తె ఎయ్యం అనిరి. వాళ్ళేమీ మీ మతమోళ్ళు కాదు. అయినా ఎయ్యం అనిరి. ఇంగ చేసేది లేక ఈడికి తెప్పించి బోర్లా ఏపించినాడు."

"ఏం రాసుంది?"

"నువ్వు సదువుకోలేదా?"

"అప్పుడు రాదు."

ఆమె నల్లద్దాలు తీసింది. చూపు లేని కళ్ళతో బండ వైపు తిరిగింది. చదివినట్టే చెప్పింది.

"ఏశెకు. చౌడమ్మ తవ్విన బావి. కింద సంవత్సరం."

మళ్ళీ చెప్పు అన్నాను. మళ్ళీ చెప్పింది. చౌడమ్మ తవ్విన బావి. మూడోసారి అడగలేదు.

"నీకు తెలుసు," అన్నాను.

"తెలుసు."

"ముప్పై ఏడేండ్లు నీ పెరట్లో నా పేరు మీద మైల గుడ్డలు ఉతికిస్తివి."

"నేను ఎవురికి చెప్పల్ల? మా ఆయప్పకా? నా కొడుక్కా?"

"నాకు చెప్పల్ల."

 ఆమెను చూస్తే జాలి వేస్తుందేమోనని అటు చూడలేదు. జాలి వేసే పని నాకు ఈరోజు లేదు.

నేను బయలుదేరుతుంటే వెనక నుంచి పిలిచింది. "సోమవారం షెడ్డు పని మొదలుపెడతారు. బండ పగిలినా పగులుతాది. అంతకుముందే రా. ఏడుకంతా రా. రాఘవేంద్ర ఇంట్లోనే ఉంటాడు. నేను ఈడనే కుచ్చోనుంటా."

"నీ కొడుకు వద్దంటే?"

"ఈ ఇల్లు నా పేరు మీద ఉండాది," అంది. వక్క కత్తిరించుకుంది.

మే 9, శుక్రవారం

గౌతమీ, నీ మోకాలు ఎలా ఉంది. ఇది పుస్తకంలో కాదు, ఫోనులోనే అడిగాను. తగ్గిందంది. తర్వాత చెప్పాను. "ఆ పొద్దు వదిలెయ్యమని నేనే చెప్పినా. నీకు గుర్తుండేది నిజమే." అది ఊఁ అంది. "భయపడితినే," అన్నాను. "నాకు తెలుసులేమ్మా, నేనూ భయపడితి," అంది.

ఆయన అడిగాడు. నేను చెప్పాను. నా మాట విని గడ్డపార దించాడు. దించినవాడు ఊరుకోకుండా పోయి బండ చెక్కించాడు. నాకు చదువు రాదని తెలిసి కూడా నా పేరు చెక్కించాడు. నాకు చెప్పలేదు. చెబితే మళ్ళీ కాళ్ళ మీద పడతానని. నిజంగానే పడేదాన్ని. ఈ కోపమంతా ముప్పై ఏడేళ్ళు తప్పు మనిషి మీద పోశాను. ఇప్పుడు కోపం మిగిలే ఉంది. ఎటు పోయాలో మాత్రం తెలుసు.

జోయల్‌కు అన్నం పెట్టి ఎదురుగా కూర్చొని అంతా చెప్పాను. సగం విని కంచం తోసేశాడు.

"ఆ బండ తెచ్చుకుంటే కడుపు నిండుతాదా? నాకు నలభై దగ్గరికొస్తాండాయి. రోజూ ఒకరి ట్రాక్టరు తోలేది. నెల జీతమని ఒకటి వస్తాందంటే నువ్వు ఎప్పటి జగడమో తవ్వుతాండావు."

"నేను తవ్వలేదు నాయనా. పూడ్చినోళ్ళు వాళ్ళు. ఇప్పుడు ఇంగోటి పూడ్చేకి వచ్చినారు. ఆ పని వస్తే పని చేసే ఊర్లో తాగేకి నీళ్ళుండల్ల కదా."

లేచి వాకిట్లో పోయి నిలబడ్డాడు. కడుపు పట్టుకున్నాడు, మంట ఎక్కువైనట్టుంది. మజ్జిగ తీసుకుపోయి ఇచ్చాను. తాగాడు. గ్లాసు ఇస్తూ నా వైపు చూడకుండా అడిగాడు.

"నా ఊయల యాడ కట్టింటిరి?"

చెప్పాను. బావికి పడమటి పక్క, రెండు కడీల మధ్య. ఒక కడీ ఇంకా ఉంది అన్నాను.

"ఆ బండ బరువుంటాది," అన్నాడు. "ఇద్దురు మనుషులు చాలరు."  ట్రాక్టరు తాళాలు గూట్లో పెట్టే వాడు ఈరోజు జేబులో పెట్టుకున్నాడు. చూశాను. దాన్ని బట్టి ఏమీ అనుకోకూడదు. అనుకుంటున్నాను.

సాయంత్రం రాఘవేంద్రకు వనజాక్షి చేత ఫోను చేయించాను. సోమవారం నేనే మీ ఇంటికి వస్తా, కాగితం తీసిపెట్టుకోప్పా అన్నాను. సంతోషపడ్డాడు. "అయ్యో, నువ్వెందుకు అవ్వా, నేనే వస్తా కదా," అన్నాడు. వద్దు, పెరట్లో కలుద్దాం అన్నాను. పెరట్లో ఎందుకని అడగలేదు.

అయ్యగారిని కూడా రమ్మన్నాను. బేతేలుకూ బేత్లెహేముకూ అర్థం చెప్పిన నోరు, ఏశెకుకు కూడా చెప్పాలి. ఆ పెరట్లో, బండ తిప్పిన తర్వాత, గట్టిగా. ముందు మాత్ర వేసుకొని రండి అని చెప్పాను.

రాఘవేంద్ర కాగితం చాపితే తీసుకుంటాను. కళ్ళజోడు పెట్టుకొనే పోతాను ఈసారి. సంతకం పెట్టే చోట నా పేరు రాయను. ఏశెకు అని రాస్తాను. మూడే అక్షరాలు, ఇప్పటికే పది సార్లు రాసి చూసుకున్నాను. దాన్ని ఏ ఆఫీసుకు తీసుకుపోతాడో పోనీ. చదివిన ప్రతివాడూ ఇదేమిటని అడగాలి, అతను అర్థం చెప్పాలి.

ఆ బండను రహెబోతు ఒడ్డున నిలబెడతాను, ముఖం దారి వైపు పెట్టి. ఆ లారీలు రావాలనుకుంటే దాన్ని చదివి రావాలి.

భయం వేస్తోంది. వేయకుండా ఎలా ఉంటుంది, నేను నేనే కదా. జోయల్‌ను కొడతారేమో, బయమ్మ మాట మారుస్తుందేమో, బండ తిప్పేటప్పుడు మారెక్క కాలి మీద పడుతుందేమో. అన్నీ వరసగా అనుకున్నాను. అనుకున్నాక అటక మీద నుంచి ఆయన గడ్డపార దింపించి, తుప్పు గీకి, నూనె గుడ్డతో తుడిచి గుమ్మం పక్కన ఆనించాను.

మే 12, సోమవారం, పొద్దున ఏడు గంటలకు దానితోనే పోతాను.